తెలియని అడవిలో గుర్రంతో ప్రయాణం

మానవుడు మచ్చిక చేసుకొన్న జంతువులలో అతని చరిత్రను మిక్కిలిగా ప్రభావితం చేసినది అశ్వమంటే అతిశయోక్తి కాదు. రాజ్యాలు దాని వీపు మీద విస్తరించినవి. వార్తలు దాని వేగం మీద ఆధారపడి ప్రయాణించినవి. మన తెలుగునేల కూడా ఇందుకు మినహాయింపు కాదు. జీను, రికాబు, లగాము, సవారి, దాణా మొదలైన మాటలు పారసీక, అరబ్బీ భాషల నుండి దక్కను ఉర్దూ వాడుక తోడ్పాటుతో తెలుగులో ప్రవేశించి, చివరకు పల్లెటూరి రైతు నోట కూడా స్థిరపడినవి. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకొనే మన విద్యార్థులకు ఈ మాటల ప్రయాణం ఆసక్తి కలిగించక మానదు. గుర్రం ఎక్కడికి వెళ్ళినా తన పరికరాలనే గాక తన పదజాలాన్ని కూడా వెంట తీసుకొని వెళ్ళినది.

నేడు మన పట్టణాలలో జట్కాలు దాదాపు కనుమరుగైనవి. పెండ్లి ఊరేగింపులలోను, పందెపు మైదానాలలోను, పోలీసు దళాలలోను తప్ప గుర్రం మన కంటబడటం అరుదు. కాని అమెరికా సంయుక్త రాష్ట్రాలలో గుర్రపుస్వారీ ఒక విశిష్ట రూపంలో నేటికీ సజీవంగా ఉన్నది. సెలవు దినాలలో అక్కడివారు తమ గుర్రాలను వాహనాలలో ఎక్కించుకొని, వందల మైళ్ళ దూరానగల జాతీయోద్యానాలకు తీసుకొనివెళ్ళి, మోటారు రోడ్లు లేని అడవిలో కాలిబాటల వెంట కొన్ని రోజులపాటు స్వారీ చేస్తూ, రాత్రుళ్ళు డేరాలలో విడిది చేస్తారు. పైకి ఇది కేవలం వినోదం. లోతుగా పరిశీలిస్తే, తెలియని నేల మీద, మాటరాని జంతువుతో, మనిషి తన ప్రాణాన్ని ఎట్లా కాపాడుకోవాలో నేర్పే శాస్త్రం. ఆ శాస్త్రంలోని ముఖ్యసూత్రం ఒక్కటే: మన ప్రాణాధారాలను గుర్రం మీద వదలివేయరాదు, దాని ప్రాణాధారాలను మాత్రం మనమే వహించాలి. ఈ సూత్రం ఎంత విలువైనదో ఎల్లోస్టోన్ అడవిలో 1870లో జరిగిన ఒక యథార్థగాథ వలన స్పష్టమవుతుంది.

ఎల్లోస్టోన్ స్వరూపం

ఎల్లోస్టోన్ జాతీయోద్యానం వయోమింగ్, మోంటానా, ఐడహో అనే మూడు రాష్ట్రాలలో వ్యాపించి ఉన్నది. దీని విస్తీర్ణం సుమారు 22 లక్షల ఎకరాలు. 1872 మార్చి 1వ తేదీన అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ సంతకం చేసిన చట్టం ద్వారా ఇది ఏర్పడినది. ప్రపంచంలో మొదటి జాతీయోద్యానంగా దీనినే సాధారణంగా పేర్కొంటారు. ఉద్యానమనగానే పూలమొక్కలు, పచ్చిక, బెంచీలు మన మనస్సులో మెదలుతాయి. కాని ఇది అట్టిది కాదు. సముద్రమట్టానికి సగటున సుమారు 8,000 అడుగుల ఎత్తునగల పీఠభూమి. దట్టమైన దేవదారు జాతి అరణ్యాలు, లోతైన లోయలు, చల్లని నదులు, విశాలమైన సరస్సులు దీనిలోని భాగాలు. భూగర్భంలోని వేడి వలన ఇక్కడ వేడినీటి బుగ్గలు, ఆవిరి రంధ్రాలు, బురదగుంటలు మొదలైనవి 10,000కు పైగా ఉన్నవి. ఆకాశంలోకి వేడినీటిని చిమ్మే గీజర్లు ప్రపంచంలో ఉన్నవాటిలో సగం ఇక్కడనే కలవు. ఈ ఎత్తున నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వరకు వేచియుండక, సుమారు 93 డిగ్రీలకే మరుగుతుంది. సంవత్సరంలో ఏ నెలలోనైనా మంచు కురవవచ్చును. గ్రిజ్లీ ఎలుగుబంట్లు, తోడేళ్ళు, అడవిదున్నను పోలిన బైసన్లు ఇక్కడ స్వేచ్ఛగా తిరుగుతూ ఉంటాయి.

ఎవర్ట్స్ గాథ

ఈ ప్రాంతం ఇంకా ఉద్యానంగా ఏర్పడక పూర్వం, 1870 ఆగస్టులో, మోంటానా నుండి 19 మంది గల ఒక పరిశోధక బృందం దీనిని చూడటానికి బయలుదేరినది. దాని నాయకుడు హెన్రీ వాష్‌బర్న్. సైనిక రక్షణ వహించినవాడు లెఫ్టినెంటు గుస్టావస్ డోన్. తరువాత ఉద్యానానికి మొదటి పర్యవేక్షకుడైన నెథానియల్ లాంగ్‌ఫర్డ్ కూడా ఈ బృందంలోనివాడే. వీరితోపాటు ట్రూమన్ ఎవర్ట్స్ అనే 54 సంవత్సరాల వ్యక్తి ఉన్నాడు. అతనికి దూరదృష్టి సరిగా లేదు.

సెప్టెంబరు 9న ఎల్లోస్టోన్ సరస్సుకు దక్షిణాన, కూలిన చెట్లతో నిండిన అడవిలో అందరూ తలా ఒకవైపు దారి వెదుకుకొంటూ సాగుచుండగా ఎవర్ట్స్ వెనుకబడినాడు. మొదట అతడు భయపడలేదు. ఆ రాత్రి గుర్రాన్ని కట్టివేసి, నిప్పు రాజేసుకొని నిద్రించాడు. మరునాడు దారి పరికించటానికి గుర్రం దిగి, దానిని కట్టకుండానే నిలిపి, నాలుగడుగులు ముందుకు నడిచాడు. ఏదో కారణాన బెదిరిన గుర్రం ఒక్క ఉదుటున అడవిలోనికి పరుగెత్తి అదృశ్యమైనది. దానితోపాటు అతని కంబళ్ళు, తుపాకి, పిస్తోళ్ళు, గాలాలు, చివరకు అగ్గిపుల్లలు కూడా పోయినవి. ఒంటిమీది దుస్తులు, రెండు చిన్న కత్తులు, నాటకశాలలో వాడే చిన్న దుర్భిణి మాత్రం మిగిలినవి. ఆ కత్తులు కూడా కొద్ది రోజులలోనే పోగొట్టుకొన్నాడు.

తరువాతి కథ కరుణరసాత్మకం. ఆకలితో అలమటిస్తూ ఒక ముళ్ళమొక్క వేరు తినదగినదని కనుగొన్నాడు. షెరిడన్ పర్వతం అడుగున హార్ట్ లేక్ అనే సరస్సు దగ్గరగల వేడినీటి బుగ్గల నడుమ, పైన మంచు తుపాను వీస్తూ ఉండగా, ఏడు రోజులు తలదాచుకొన్నాడు. ఆ బుగ్గలలోనే వేర్లు ఉడికించుకొని తిన్నాడు. పలుచని నేలపొర విరిగి వేడి ఆవిరి తగిలి అతని తుంటిభాగం కాలిపోయినది. పర్వతసింహం అరుపు విని చెట్టెక్కి రాత్రి గడిపాడు. ఎండ కాసిన ఒకనాడు దుర్భిణి అద్దంతో నిప్పు పుట్టించవచ్చునన్న ఆలోచన స్ఫురించినది. ఆ నిప్పే అతనిని బ్రతికించినది. సహచరులు అతనికోసం వెదికారు; కొండల మీద మంటలు వేశారు; విడిదిచేసిన చోట్ల ఆహారం ఉంచి వెళ్ళారు. కాని అతడు ఆ చోట్లకు చేరుకోలేదు. తమ ఆహారం కూడా తరిగిపోవటంతో వారు తిరిగి వెళ్ళక తప్పలేదు. చివరకు అక్టోబరు 16న జాక్ బారోనెట్, జార్జి ప్రిచెట్ అనే ఇద్దరు, అస్థిపంజరంవలె నేలమీద ప్రాకుతున్న స్థితిలో అతనిని కనుగొన్నారు. తప్పిపోయిన నాటి నుండి లెక్కిస్తే 37 రోజులు. ఈ అనుభవాన్ని అతడే 1871లో ఒక పత్రికలో ప్రచురించగా అమెరికా అంతటా చదివారు. ఎల్లోస్టోన్ పేరు దేశప్రజలకు తెలియటానికి తోడ్పడిన రచనలలో అదియొకటి.

గుర్రం స్వభావం

ఎవర్ట్స్ గుర్రం చేసినది స్వామిద్రోహమా? కానే కాదు. అది తన స్వభావాన్ని అనుసరించినది. గుర్రం క్రూరమృగాలకు ఆహారమయ్యే జాతికి చెందినది. కొమ్ములు లేవు, గోళ్ళు లేవు. పరుగే దాని ఆయుధం. కన్నులు తలకు ఇరుప్రక్కల ఉండటం వలన తన చుట్టూ దాదాపు అంతటినీ చూడగలదు. కాని నుదుటికి ఎదురుగా కొంత మేర, తోక వెనుక కొంత మేర దానికి కనబడవు. ఆ మరుగు స్థలాల నుండి హఠాత్తుగా కదలిక వినిపిస్తే ముందు పరుగెత్తి, ఆపైన విచారిస్తుంది. లక్షల సంవత్సరాలుగా దానిని బ్రతికించినది ఈ గుణమే. దీనిని తిట్టి, కొట్టి మాన్పించటం సాధ్యం కాదు. దీనిని ముందుగానే లెక్కలోనికి తీసుకోవటమే రౌతు వివేకం.

ముందు ఒంటెను కట్టివేసి, ఆపైన దైవంపై భారం ఉంచమన్న హితవు మన విద్యార్థులలో అనేకులు ఇంట పెద్దల నోట విని ఉంటారు. అడవిలో ఈ హితవుకు అక్షరాలా విలువ ఉన్నది. గుర్రం దిగిన మరుక్షణం పగ్గం చేతిలో ఉండాలి, లేదా చెట్టుకు ఉండాలి. దానికి తోడు మరొక నియమం: అగ్గిపెట్టె, కత్తి, దిక్సూచి, పటం, ఈల, కొద్ది ఆహారం రౌతు జేబులలోనో, నడుముకు కట్టిన సంచిలోనో ఉండాలి గాని జీను సంచిలో ఉండరాదు. ఎలుగుబంటిని నిలువరించటానికి నేడు వాడే మిరపఘాటు చిమ్మే డబ్బాను కూడా నడుముకే తగిలించుకోవాలని అక్కడి అధికారులు చెబుతారు. ఎలుగు ఎదురైనప్పుడు ముందుగా పారిపోయేది గుర్రమే కదా! జీనుమీదనున్న ఆయుధం అప్పుడు గుర్రంతోపాటు పోతుంది. 1870లో ఎవర్ట్స్ పొందిన కష్టమే నేటి ఈ సలహాలో ప్రతిధ్వనిస్తున్నది.

బయలుదేరక పూర్వం

తెలియని అడవికి వెళ్ళదలచిన రౌతు సిద్ధత ప్రయాణానికి కొన్ని వారాల ముందే ఆరంభం కావాలి. మొదటి విషయం గుర్రం దారుఢ్యం. మైదానంలో గంటసేపు నడిచే గుర్రాన్ని ఒక్కసారిగా 8,000 అడుగుల ఎత్తుకు తీసుకొనివెళ్ళి రోజుకు 15 మైళ్ళు నడిపించటం క్రూరత్వం. క్రమంగా కొండదారులు అలవాటు చేయాలి. గిట్టలు చెక్కించి, లాడాలు బిగువుగా ఉన్నవో లేదో చూచుకోవాలి. రాతినేలలో లాడం ఊడిన గుర్రం కుంటిదైపోతుంది. రౌతు, జీను, సామాను కలిపి గుర్రం బరువులో అయిదవ వంతుకు మించరాదని సాధారణంగా చెబుతారు. అనగా 450 కిలోల గుర్రం సుమారు 90 కిలోలు మోయవచ్చును. సామాను మోసే గుర్రానికి రెండువైపులా మూటలు సమతూకంలో ఉండాలి. ఒకవైపు బరువెక్కువైతే జీను ఒరిగి వీపు ఒరుసుకొని పుండు పడుతుంది. పుండుపడిన గుర్రం అడవి మధ్యలో భారమే గాని వాహనం కాదు. గలగలలాడే గిన్నెలు, రెపరెపలాడే డేరా గుడ్డ మొదలైనవాటిని ఇంటివద్దనే దానికి పరిచయం చేయాలి.

రెండవది ఆహారం. గుర్రం గుడ్డిదైనా దాణా తక్కువ కాదని మన సామెత. గుర్రానికి రోజుకు దాని బరువులో నూటికి ఒకటిన్నర నుండి రెండు వంతుల మేత, ఇరవై నుండి నలభై లీటర్ల నీరు అవసరం. దాని జీర్ణాశయం శరీర పరిమాణంతో పోల్చితే చిన్నది. కావుననే అది రోజులో అధికభాగం కొంచెం కొంచెంగా మేస్తూ ఉంటుంది. గడ్డిని జీర్ణంచేసే సూక్ష్మజీవులు దాని పెద్దప్రేవులలో నివసిస్తాయి. మేత అకస్మాత్తుగా మారితే వాటి సమతౌల్యం చెడి కడుపుశూల పుడుతుంది. గుర్రం వాంతి చేసుకోలేదు. కావున మనకు స్వల్పమైన అజీర్ణం దానికి ప్రాణాంతకం కావచ్చును. ఉలవగుగ్గిళ్ళకు అలవాటుపడిన మన జట్కా గుర్రాన్ని ఒక్క పూటలో మరొక దాణాకు మార్చరాదని పాతకాలపు బండివారికి అనుభవం మీద తెలుసు. అడవిలో పెట్టబోయే మేతను ఇంటివద్దనే కొద్దికొద్దిగా అలవాటు చేయటం అందుచేతనే.

మూడవది చట్టసంబంధమైన సిద్ధత. ఎల్లోస్టోన్ లోపలి అడవిలో రాత్రి గడపటానికి అనుమతి పత్రం తప్పనిసరి. నిర్ణీతమైన విడిదిస్థలాలలోనే దిగాలి. ఒక్కొక్క స్థలంలో ఎందరు మనుషులు, ఎన్ని గుర్రాలు ఉండవచ్చునో ముందే నిర్ణయించి ఉంటుంది. మంచు కరిగి బాటలు తడిగా ఉండే కాలంలో గిట్టలు నేలను త్రవ్వివేస్తాయి గనుక, మేత కూడా పెరగదు గనుక, సాధారణంగా జూలై 1కి పూర్వం గుర్రాలతో రాత్రి విడిదికి అనుమతించరు. ఎవర్ట్స్ తలదాచుకొన్న హార్ట్ లేక్ ప్రాంతాన్ని ఎలుగుబంట్ల సంరక్షణార్థం ఏప్రిల్ 1 నుండి జూన్ 30 వరకు పూర్తిగా మూసివేస్తారు.

తీసుకొనివెళ్ళే మేతలో కలుపుమొక్కల విత్తనాలు లేవని ధ్రువీకరణ ఉండాలన్నది మరొక నిబంధన. పైకి ఇది చాదస్తంగా తోచవచ్చును. కాని గుర్రం తిన్న విత్తనాలలో కొన్ని జీర్ణంకాక, లద్దితోపాటు అడవిలో పడి మొలకెత్తుతాయి. అన్యదేశపు మొక్క ఒకటి వేళ్ళూనితే స్థానికమైన గడ్డి అంతరించి, దానిని నమ్ముకొన్న జింకలకు మేత కరవవుతుంది. ఇందులోని సత్యం మనకు తెలియనిది కాదు. మన పొలాలను, రోడ్ల ప్రక్కలను ఆక్రమించిన వయ్యారిభామ మొక్క దిగుమతి గోధుమలతో మన దేశానికి చేరినదని చెబుతారు. ఒక గింజ చేసే అపకారం ఒక తరంతో తీరేది కాదు.

ఇక గుర్రాన్ని ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి తరలించేటప్పుడు పశువైద్యుని ఆరోగ్యపత్రం, రక్తపరీక్ష ఫలితం చూపవలసి ఉంటుంది. జోరీగల ద్వారా ఒక గుర్రం నుండి మరొకదానికి సంక్రమించే రక్తహీనత వ్యాధికి చికిత్స లేదు. దానిని గుర్తించే పరీక్షను 1970 దశకంలో లెరాయ్ కాగిన్స్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు వాడుకలోనికి తెచ్చాడు. నేటికీ ఆ పరీక్ష అతని పేరుతోనే పిలువబడుతున్నది.

బాట మీద

అడవిలోని బాట ఇరుకైనది. గుర్రాలు ఒకదాని వెనుక ఒకటి నడవాలి. తెలివిగల, నెమ్మదైన గుర్రం ముందుండాలి. కొండ ఎక్కే వంపు బాటలలో అడ్డదారులు త్రొక్కితే, ఆ జాడ వెంట వర్షపు నీరు పారి నేల కోసుకొనిపోతుంది. కాలినడకన వచ్చేవారు ఎదురైతే వారు బాట దిగి, పల్లపు వైపున కదలకుండా నిలబడి, మెల్లగా మాట్లాడుతూ ఉండాలన్నది అక్కడి మర్యాద. ఎందుకనగా వీపున పెద్ద మూట, తలపై టోపీ గల మనిషి గుర్రానికి వింతమృగంగా కనబడవచ్చును. మనిషి కంఠం వినగానే దాని భయం తీరుతుంది. ఎలుగుబంట్లకు, తోడేళ్ళకు కనీసం 100 గజాలు, ఇతర వన్యమృగాలకు 25 గజాలు దూరాన ఉండాలి. శాంతంగా మేస్తున్నట్లు కనిపించే బైసన్ కూడా మనిషి కంటె ఎంతో వేగంగా పరుగెత్తగలదు.

నదిని దాటేటప్పుడు తొందర పనికిరాదు. మంచు కరిగే నదులలో ఉదయం కంటె సాయంకాలం నీరు ఎక్కువగా ఉంటుంది. కావున ప్రొద్దుటిపూట, వెడల్పుగాను లోతు తక్కువగాను ఉన్న చోట దాటటం వివేకం. వేడినీటి బుగ్గల ప్రాంతంలో బాట విడిచి ఒక్క అడుగు కూడా వేయరాదు. పైకి గట్టిగా కనిపించే నేల క్రింద మరిగే నీరుండవచ్చును. ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలలో పడి ఇప్పటి వరకు 20 మందికి పైగా మరణించారు. మనిషి బరువునే మోయలేని పొర గుర్రం బరువును ఎట్లా మోస్తుంది?

విడిది

రాత్రి విడిదిలో రౌతు యోగ్యత తేటతెల్లమవుతుంది. దిగగానే తాను నీరు త్రాగి విశ్రమించేవాడు మంచి రౌతు కాడు. ముందు గుర్రం వీపు చల్లబడాలి. దానికి నీరు, మేత అందాలి. గిట్టలలో ఇరుక్కొన్న రాళ్ళు తీయాలి. వీపుమీద వాపు, ఒరుపు ఉన్నదేమో తడిమి చూడాలి. ఆ తరువాతనే తన వంట.

గుర్రాన్ని రాత్రంతా చెట్టు మొదలుకు కట్టరాదు. విసుగుచెందిన గుర్రం గిట్టలతో నేలను గీరి, వేళ్ళను బయటపెట్టి, బెరడును కొరికి చెట్టును చంపుతుంది. కావున దృఢమైన రెండు చెట్ల నడుమ తలకంటె ఎత్తున ఒక త్రాడు బిగించి, బెరడు కోసుకొనిపోకుండా చెట్లకు వెడల్పాటి పట్టీలు చుట్టి, ఆ త్రాడుకు గుర్రాల పగ్గాలు కడతారు. మేసేందుకు వదలదలిస్తే ముందుకాళ్ళకు బంధం వేస్తారు. ముందరి కాళ్ళకు బంధమని మనం మాటవరుసకు అనే పలుకుబడి ఇక్కడ అక్షరాలా ప్రయోజనకరమైన పరికరం. గూటం పాతి పొడవాటి పగ్గంతో మేపినట్లయితే, ఒకే చోట పచ్చిక నశించకుండా గూటాన్ని తరచు మార్చాలి. నీటి ఒడ్డుకు సుమారు 200 అడుగుల దూరాన గుర్రాలను ఉంచటం మంచిది. వెళ్ళేటప్పుడు లద్దిని చెదరగొట్టి, గిట్టల గుంటలు పూడ్చి, తరువాత వచ్చేవారికి ఆ స్థలం తాము వచ్చిననాటివలె కనబడేటట్లు చేయాలి.

ఎలుగుబంటి ఘ్రాణశక్తి అమోఘమైనది. వంటసామగ్రిని, సబ్బును, గుర్రపు దాణాను కూడా నేలకు కనీసం 10 అడుగుల ఎత్తున, చెట్టు మానుకు 4 అడుగుల దూరాన వ్రేలాడదీయాలి. వండిన చోటికి, నిద్రించే చోటికి నడుమ 100 గజాలు ఉండాలి. మనిషి ఆహారం రుచి మరగిన ఎలుగు మరల మరల మనుషుల వద్దకు వస్తుంది. చివరకు దానిని చంపవలసిన గతి పడుతుంది. ఒకరి అజాగ్రత్తకు మూల్యం చెల్లించేది అడవిమృగమే.

తెలిసినవాని తోడు

స్వారీలో ఎంత నేర్పు ఉన్నప్పటికీ తెలియని నేల తెలియనిదే. దీనికి ఎల్లోస్టోన్ చరిత్రలోనే మరొక నిదర్శనం ఉన్నది. 1877 వేసవిలో నెజ్ పెర్స్ అనే ఆదివాసి జాతివారు, తమ భూములను విడిచి పొమ్మన్న ప్రభుత్వ సైన్యం తరుముచుండగా, స్త్రీలు, శిశువులు, వృద్ధులు సహా సుమారు 800 మంది, దాదాపు 2,000 గుర్రాలతో ఈ ఉద్యానం గుండా సాగిపోయారు. గుర్రాల పెంపకంలో వారికి సాటివచ్చేవారు ఆ ఖండంలో అరుదు. అయినప్పటికీ, ఆగస్టు చివర ఈ ప్రాంతంలో ప్రవేశించగానే వారు తమకు ఎదురుపడిన షైవ్లీ అనే బంగారు అన్వేషకుని పట్టుకొని త్రోవ చూపించమన్నారు. అంతటి అశ్వవిద్యాకోవిదులు కూడా తమ గుర్రాల మీది నమ్మకంతోనే ముందుకు పోలేదు. ఆ నేల తెలిసినవాని అవసరాన్ని గుర్తించారు. వారి దీర్ఘప్రయాణం అక్టోబరు 5న, కెనడా సరిహద్దుకు సుమారు 40 మైళ్ళ దూరంలో, లొంగుబాటుతో విషాదాంతమైనది. అది వేరొక చరిత్ర. మన ప్రస్తుత విషయానికి గమనించదగినది వారి వివేకం. నేటి యాత్రికునికి ఆ తోడు అటవీరక్షకుల రూపంలో దొరుకుతున్నది. ఏ బాటలో చెట్లు కూలినవి, ఏ వాగు పొంగుచున్నది, ఏ ప్రాంతంలో ఎలుగు తిరుగుచున్నదన్న సంగతులు ఆనాటికానాడు వారినడిగి తెలుసుకోవచ్చును. తాను ఏ రోజు ఎక్కడ విడిది చేసేదీ, ఎప్పుడు తిరిగివచ్చేదీ ఇంటివారికి వ్రాసి ఇచ్చి వెళ్ళాలి. లోపలి అడవిలో చాలా చోట్ల నేటికీ టెలిఫోను సంకేతాలు అందవు.

ఒకవేళ దారి తప్పితే చేయవలసిన మొదటి పని ఆగిపోవటం. గుర్రాన్ని కట్టి, నిప్పు రాజేసి, ఈల ఊదుతూ ఒకే చోట ఉన్నవానిని వెదకటం సులభం. నిలకడలేకుండా తిరిగేవానిని వెదకటం కష్టం. ఎవర్ట్స్ సహచరులు ఆహారం ఉంచిన చోట్లకు అతడు చేరలేకపోవటం ఈ సత్యాన్నే చాటుతున్నది.

మన విద్యార్థులలో ఎల్లోస్టోన్‌కు వెళ్ళేవారు కొందరే కావచ్చును. కాని ఎన్.సి.సి.లో స్వారీ నేర్పే విభాగాలు ఉన్నవి. కొండలు, అడవులు మన రాష్ట్రాలలోనూ ఉన్నవి. పైన చెప్పిన నియమాలన్నింటినీ కంఠస్థం చేయనవసరం లేదు. వాటి వెనుకగల న్యాయం గ్రహిస్తే చాలును. మాటరాని జీవిని వెంట తీసుకొనివెళ్ళేవాడు దాని ఆకలిని, దప్పికను, భయాన్ని తానే ముందుగా ఊహించాలి; తన రక్షణను మాత్రం దాని వీపున వదలక తన ఒంటినే ఉంచుకోవాలి; తాను అతిథిగా వెళ్ళిన నేలను అతిథి మర్యాదతోనే విడిచిరావాలి.

ఎల్లోస్టోన్ ఉత్తరభాగాన నేడు ఎవర్ట్స్ పర్వతమనే ఒక శిఖరం ఉన్నది. అతడు తిని బ్రతికిన ఆ ముళ్ళమొక్కను కూడా అక్కడివారు అతని పేరుతో పిలుస్తారు. ఆ కొండ క్రింది బాటల వెంట వెళ్ళే రౌతులు ఈనాటికీ గుర్రం దిగేముందు పగ్గాన్ని చేతిలో పట్టుకొంటారు. అగ్గిపెట్టె జేబులోనే ఉన్నదో లేదో తడిమి చూచుకొంటారు.